తెర ఉంటే మెమరీ లేదు

నీరజ పొద్దున లేవగానే ముందు కంప్యూటర్ మీట నొక్కి, ఆ తర్వాత పొయ్యి వెలిగించేది. చాయ్ మరిగేలోపు ఆ పాత మిషన్ గుర్రుగుర్రుమంటూ లేచేది. ఆమె గ్లాసు పట్టుకుని వచ్చేసరికి తెర మీద నిన్న ఆపేసిన చీర ఆపేసినట్టే ఉండేది. తీగ కొంగు దాకా పాకి ఆగిపోయి ఉండేది. ఆమె కుర్చీలో కూర్చుని అక్కడినుంచే అందుకునేది.

సూరత్‌లో గోడాదరాలో రెండు గదుల ఇల్లు వాళ్ళది. నీరజ చీరల డిజైన్లు గీస్తుంది. మగ్గం మీద నేసేవి కావు, తెల్లబట్ట మీద ప్రింటు వేసేవి. అంచు, ఒంటినిండా పరుచుకునే పూలు, పల్లు, అన్నీ కంప్యూటర్‌లో గీసి ఫైలు పంపిస్తే మిల్లులో మిషన్ దాన్ని బట్ట మీదికి దించుతుంది. ఆమె తండ్రి మార్కండేయ పెళ్ళయిన కొత్తలో సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడి మరమగ్గాల్లో చేరాడు. నీరజ ఇక్కడే పుట్టింది, ఇక్కడి బడిలోనే చదివింది. పదో తరగతి కాగానే రింగ్ రోడ్డు దగ్గర ఒక డిజైన్ల దుకాణంలో పనికి కుదిరింది. అక్కడ ఆమె ఏం గీసినా యజమాని పేరు మీదే వెళ్ళేది. ఒకసారి తను గీసిన మామిడిపిందెల అంచు మార్కెట్ అంతా పాకిపోయింది. ఎవరు గీశారని వచ్చినవాళ్ళు అడిగితే యజమాని తన ఛాతీ మీద వేలు పెట్టుకున్నాడు. నీరజ పక్క బల్ల దగ్గరే కూర్చుని ఉంది. ఆ సాయంత్రమే అనుకుంది, తనదంటూ ఒక మిషన్ ఉండాలని.

సంపత్‌తో పెళ్ళయ్యాక ఆ మాట నిజమైంది. సంపత్ జోల్వాలో ఒక కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే మేస్త్రీ. ఇద్దరూ కూడబెట్టి ఓల్వెన్ కంపెనీ కంప్యూటర్ కొన్నారు. తెరా మిషనూ ఒకే పలకలో ఉన్న రకం అది, తెర ఎంత పెద్దదంటే చీర పల్లు మొత్తం ఒక్కచూపులో కనిపించేది. వెనకాల చిన్న తలుపు ఉండేది. అది తీసి మెమరీ ముక్కలు మార్చుకోవచ్చు. ఫైళ్ళు పెద్దవైనప్పుడల్లా ఆమె అలాగే పెంచుకుంటూ వచ్చింది. అన్నిటికంటే ముఖ్యం రంగు. ఆ తెర మీద చిలకపచ్చ ఎలా కనిపిస్తే బట్ట మీద అలాగే పడేది. సూరత్‌లోనే ఉన్న బొంబాయి మార్కెట్‌లో బట్టల వ్యాపారం చేసే ప్రవీణ్‌భాయ్ సేఠ్, నీరజాబెన్ ఫైలు వస్తే రంగు సరిచూసే పనే లేదని నలుగురిలో చెప్పేవాడు.

పెళ్ళిళ్ళ సీజన్ పని మొదలైన రోజుల్లో ఒక పొద్దున మీట నొక్కితే మిషన్ లేవలేదు. మళ్ళీ నొక్కింది. తెర ఒక్కసారి తెల్లగా వెలిగి ఆరిపోయింది. చాయ్ పొంగి పొయ్యి మీద పడింది.

అమ్రోలిలో కంప్యూటర్లు బాగుచేసే పరుశురాం వాళ్ళకు దూరపు చుట్టం. మిషన్ వెనక భాగం విప్పి, చాలాసేపు చూసి, మెడ రుద్దుకున్నాడు.

“తెర మంచిగనే ఉన్నదక్కా,” అన్నాడు. “లోపలి బోర్డు పోయింది. గా బోర్డు ఇప్పుడు కంపెనోడు ఇస్తలేడు.”

“మరి గీ తెరను ఇంకో మిషన్‌కు పెట్టుకుంటె?”

“పెట్టరాదక్కా. రెండు కలిపి ఒక్కటే చేసిండ్రు గదా. బోర్డు పోతె తెర సుత పోయినట్టే.”

నీరజ తెర మీద చెయ్యి వేసింది. చల్లగా, శుభ్రంగా, గీత కూడా పడకుండా ఉంది. ఏ రోగమూ లేని దాన్ని తీసి అవతల పెట్టాలంటే ఆమెకు మనసొప్పలేదు. ఫైళ్ళున్న డిస్కును పరుశురాం జాగ్రత్తగా ఊడదీసి ఇచ్చాడు. ఇన్నేళ్ళుగా ఆమె గీసిన పువ్వులూ, పిట్టలూ, తీగలూ అన్నీ అందులోనే ఉన్నాయి. అయితే అవి తెరుచుకునే ప్రోగ్రాం ఓల్వెన్ మిషన్ల మీద మాత్రమే నడుస్తుంది. వేరే కంపెనీది కొనుక్కోమని చెప్పినవాళ్ళందరికీ ఆమె ఈ ఒక్క మాటే చెప్పాల్సి వచ్చేది.

సంపత్ ఆ రోజు పనికి సెలవు పెట్టాడు. ఇద్దరూ బండి మీద ఓల్వెన్ షోరూమ్‌కు వెళ్ళారు. అద్దాల తలుపులు, తెల్లటి బల్లలు, ఒక్కొక్క బల్ల మీద ఒక్కొక్క మిషన్. జైమిన్ అనే కుర్రాడు ఎదురొచ్చి మంచినీళ్ళిచ్చాడు. ఏం పని చేస్తారని అడిగాడు, చీరల డిజైన్లని చెప్పగానే అతని ముఖం వికసించింది. వాళ్ళమ్మకు చీరలంటే ప్రాణమట.

నీరజ తిన్నగా తన పాత మిషన్ లాంటి దాని కోసమే వెతికింది. కనిపించలేదు. పెద్ద తెర మోడల్‌ను కంపెనీ ఆపేసిందని జైమిన్ చెప్పాడు. దాని స్థానంలో చిన్న తెరది వచ్చింది. చూడముచ్చటగా ఉంది, సన్నగా, పళ్ళెమంత తేలిగ్గా. నీరజ తన పెన్‌డ్రైవ్‌లోంచి ఒక గులాబీని తెరిచి చూసింది. ఆ రంగు చూడగానే గుండె కుదుటపడింది, అచ్చం తన పాత తెర లాగే ఉంది. తర్వాత చీర మొత్తం ఉన్న ఫైలు తెరిచింది. తిరుగుతున్న గుండ్రం గుర్తు తిరుగుతూనే ఉండిపోయింది. దీనికి మెమరీ తక్కువ అన్నాడు జైమిన్. పెంచుకోవచ్చా అంటే, లేదు బెన్, లోపలే అతికించేశారు, వెనక తలుపు లేదు అన్నాడు. ఎక్కువ మెమరీ పెట్టి ఇమ్మంటే, అది పెద్ద తెర మోడల్‌లోనే ఉండేదన్నాడు.

“దాన్ని ఆపేసిండ్రంటివి గదా,” అన్నాడు సంపత్ హిందీలో.

“అవును భాయ్,” అన్నాడు జైమిన్, తప్పు తనదే అన్నట్టు.

పక్క బల్ల మీద చిన్న డబ్బా ఉంది, మిఠాయి పెట్టె అంత. దాంట్లో మెమరీ సరిపోతుంది గాని దానికి తెర లేదు. ఓల్వెన్ వాళ్ళ తెరే విడిగా కొనాలంటే దొరుకుతుంది. అది సినిమాలవాళ్ళ కోసం చేసిన తెర, దాని ఖరీదు విని సంపత్ రెండోసారి అడగలేదు. జైమిన్ ల్యాప్‌టాప్ చూపించాడు. చీర ఫైలు తెరుచుకుంది, రంగూ పర్వాలేదు. కాని పల్లు చూడాలంటే కిటికీ సందులోంచి చూస్తున్నట్టుంది, ఆమె గీసే కలం పలకను, అంటే పెన్ టాబ్లెట్‌ను, తగిలించడానికి చోటు కూడా లేదు. గోడ వారగా నల్లటి పెద్ద టవర్ మిషన్ ఒకటుంది. దాని దగ్గరికి జైమిన్ వాళ్ళను తీసుకెళ్ళనే లేదు. అది స్టూడియోల కోసం, అని దూరం నుంచే చెప్పాడు.

నీరజ మళ్ళీ మొదటి బల్ల దగ్గరికి వచ్చింది. అక్కడినుంచి రెండో దానికి, మళ్ళీ మూడో దానికి. ప్రతి దాంట్లో ఆమెకు కావలసింది ఒకటి ఉంది, ఆమెకు తప్పనిసరి అయింది ఒకటి లేదు. ఎవరో కూర్చుని ఆలోచించి మరీ ఒక్కొక్క దాంట్లోంచి ఒక్కొక్కటి తీసేసినట్టు అనిపించింది.

“నీ తాన ఇన్ని ఉన్నయి గద తమ్మీ,” అంది చివరికి, తెలుగులోనే మొదలుపెట్టి హిందీలోకి మారి. “నా అసొంటోళ్ళ కోసం ఒక్కటన్న ఎందుకు చెయ్యలే?”

జైమిన్ చుట్టూ ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. ఇళ్ళలో వాడుకునేవాళ్ళకు ఒక రకం చేస్తారు బెన్, పెద్ద స్టూడియోలకు ఒక రకం చేస్తారు. ఇంట్లో కూర్చుని స్టూడియో పని చేసేవాళ్ళు ఉంటారని వాళ్ళకు తెలియదేమో. తెలిసినా, మధ్యలోది చేస్తే పెద్దది ఎవరు కొంటారని అనుకుంటారేమో.

దారిలో సంపత్ బండి నడుపుతూనే గొణిగాడు. “మా కార్ఖానల మగ్గానికి ఏది పోతె గది మారుస్తం. బెల్టు పోతె బెల్టు, మోటరు పోతె మోటరు. మొత్తం మగ్గమే మార్చుమని ఎవడన్న అంటె వాన్ని చూసి నవ్వుతరు.” నీరజ వెనక కూర్చుని లెక్కలు వేసుకుంటోంది. ఆమె మనసులో రెండే దార్లు మిగిలాయి. చిన్న తెరది తీసుకుంటే రంగు నిజంగా కనిపిస్తుంది, చీర మొత్తం తెరుచుకోదు. డబ్బా తీసుకుని వేరే కంపెనీ తెర పెట్టుకుంటే చీర తెరుచుకుంటుంది, రంగు మాత్రం ఎలా ఉంటుందో తెలియదు. ఫైలే తెరుచుకోకపోతే పనే లేదు కదా అనుకుంది. ఇన్నేళ్ళ అనుభవం ఉంది, రంగును కళ్ళతో సరిదిద్దుకోవచ్చు అనుకుంది.

అలా ఆ చిన్న డబ్బా, బజారులో దొరికిన ఒక తెర ఇంటికి వచ్చాయి.

మొదటి వారం అంతా సర్దుకోవడంలోనే గడిచింది. డబ్బాకు వెనకాల ఉన్న రంధ్రాలు తక్కువ. కలం పలక పెడితే డిస్కుకు చోటు లేదు, డిస్కు పెడితే పలకకు లేదు. ఒక్క రంధ్రంలోంచే చాలా తీగలు తీసుకునే గుత్తి లాంటిది పరుశురాం తెచ్చి తగిలించాడు. అది వేడెక్కినప్పుడల్లా పలక పని చేయడం మానేసేది, గీస్తున్న తీగ మధ్యలో తెగిపోయేది. ఆమె గుత్తిని ఊడదీసి, ఊది, మళ్ళీ పెట్టేది. అదొక పని లాగే అలవాటైంది.

తెరతో అలవాటు కుదరలేదు. కొత్త తెర నిగనిగలాడుతూ ఉండేది, కిటికీ అందులోనే కనిపించేది, ఆమె ముఖం కూడా. ఎరుపులన్నీ నీరుగారినట్టు ఉండేవి. పాత చీరల ఫైళ్ళు తెరిచి చూస్తే తన డిజైన్లే తనకు కొత్తగా అనిపించేవి. ఎవరో ఇంట్లో సామాన్లన్నీ కొద్దికొద్దిగా జరిపి పెట్టినట్టు. ఆమె సంపత్ చేత తెర మీటలు నొక్కిస్తూ, పాత చీర గుడ్డను తెర పక్కన పట్టుకుని చూసేది. గులాబీ కుదిరితే పసుపు చెడేది, పసుపు కుదిర్చితే నీలం నల్లబడేది. ఈ తెరలోనే అంతే అన్నాడు సంపత్.

ప్రవీణ్‌భాయ్ సీజన్ ఆర్డరు అప్పుడే ఇచ్చాడు. ఉల్లిపొర రంగు నేల మీద లేత ఆకుపచ్చ తీగలు, అంచుకు మందార. నీరజ దాని మీద ఎప్పటికంటే ఎక్కువ రోజులు కూర్చుంది. ఉల్లిపొర రంగు తెర మీద ఎంతకీ ప్రాణం పోసుకోవడం లేదు. ఇది తెర దోషమా, తను కలిపిన రంగు దోషమా అన్నది తేల్చుకోలేకపోయింది. కొంచెం పెంచింది. చూసి మరి కొంచెం పెంచింది. ఫైలు పంపేటప్పుడు సేఠ్‌కు ఫోన్ చేసి, తెర మారింది, ఒక గజం బట్ట మీద వేసి చూసుకోండి అని చెప్పింది. నీ రంగు ఎన్నడన్నా తప్పిందా బెన్, మిల్లులో మన వంతు రేపే ఉంది అన్నాడు సేఠ్ నవ్వుతూ. ఆమె ఇంకోసారి చెప్పబోయింది, అప్పటికే ఆయన ఫోన్ పెట్టేశాడు.

బట్ట అచ్చయిన మర్నాడు ఆమెను మిల్లుకు రమ్మన్నారు. పల్సానా వైపు ఆ మిల్లు, సంపత్ పనికి పోయే దారిలోనే. బల్ల మీద పరిచిన బట్టను తలుపు దగ్గర నుంచే చూసింది నీరజ. ఉల్లిపొర కాదది. జాతరలో గాలి నింపి అమ్మే రబ్బరు బుగ్గల గులాబీ రంగు. తీగల ఆకుపచ్చ దాని మీద కళ్ళలోకి గుచ్చుకుంటోంది. లాట్ మొత్తం అదే రంగు, గోడ వెంట పేర్చి ఉంది. రంగుల మాస్టర్ ఫైలు తెరిచి చూపించాడు. ఆయన తెర మీద కూడా అదే రంగు ఉంది. మేము మీరు పంపిందే వేశాం బెన్, అన్నాడు. ఆ మాట నిజం. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి చోటు లేదు. ఆమె ఒక మడత అందుకుని చేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

సేఠ్ కేకలు వేయలేదు. ఆయన కేకలు వేసి ఉంటే బాగుండేదని నీరజ తర్వాత చాలాసార్లు సంపత్‌తో అంది. ఆ సరుకును చవక బజార్లకు తోలేశాడు. తర్వాతి డిజైన్ ఆమెకు రాలేదు, ఆ తర్వాతిదీ రాలేదు. మిగతా వ్యాపారులకు కూడా సంగతి తెలిసింది. ఫోన్ చేస్తే, చూద్దాం బెన్ అనేవాళ్ళు. ఇంట్లో పగలంతా ఆ డబ్బా నిశ్శబ్దంగా ఉండేది. పాతది గుర్రుమనేది, ఇది అసలు చప్పుడే చేయదు.

ఆ రోజుల్లోనే పక్క గల్లీలో ఉండే మంగ కొత్త చీర కట్టుకుని వచ్చింది. మంగ భర్త కూడా మగ్గాల మీదే పని చేస్తాడు. గడపలోనే నిలబడి, ఇటు తిరిగి అటు తిరిగి, కొంగు చాపి చూపించింది. రబ్బరు బుగ్గల రంగు, ఆకుపచ్చ తీగలు, మందార అంచు.

“ఆదివారం బజార్ల దొర్కింది వదినా. మస్తు సస్తల ఇచ్చిండు, గింత తక్కువకు ఏడ దొర్కది. రంగు చూడు, ఎట్ల కొట్టొస్తున్నదో. ఎవరు గీసిండ్రోగాని చెయ్యి మంచిదే.”

నీరజ కొంగు అందుకుని చూసింది. తీగ ఎక్కడ వంగాలో అక్కడే వంగింది, ఆకు కొన మీద తను పెట్టిన చిన్న చుక్క కూడా అలాగే ఉంది. గీత అంతా తనదే, రంగు ఒక్కటే తనది కాదు. “మంచిగున్నది మంగా, నీకు నప్పింది,” అంది. ఆ మాట అబద్ధం కాదు, మంగకు నిజంగానే నప్పింది. గీసింది తనేనని మాత్రం చెప్పలేకపోయింది. మంగ వెళ్ళిపోయాక చాలాసేపు గడపలోనే కూర్చుంది.

తర్వాత ప్రవీణ్‌భాయే కబురు పెట్టాడు. మార్కెట్ నాలుగో అంతస్తులో ఆయన ఆఫీసు. లోపల కొత్తగా అద్దాల గది కట్టించాడు, అందులో షోరూమ్‌లో దూరం నుంచి చూసిన ఆ నల్లటి టవర్, దాని పక్కన సినిమాలవాళ్ళ తెర ఉన్నాయి. ఇంట్లో ఎందుకు బెన్ ఇన్ని తిప్పలు, ఇక్కడ కూర్చో అన్నాడు. జీతం ఇస్తాడు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళాలి. ఇక్కడ గీసింది ఇక్కడిదే. పాత పువ్వులూ పిట్టలూ ఉన్న డిస్కు కూడా తెచ్చి ఈ మిషన్‌లో ఎక్కించాలి, పని తొందరగా అవుతుంది కదా.

“డిస్కు ఇయ్యను సేఠ్,” అంది నీరజ హిందీలో. “డిజైన్ ఏది అడిగితే దానికి పనికొచ్చేదే తెస్తా.”

“నీ ఇష్టం బెన్,” అన్నాడు సేఠ్ మంచిగానే. “కాని ఇక్కడికి వచ్చిన పువ్వు మళ్ళీ ఇంటికి పోదు. అది ముందే చెప్తున్నా.”

ఇంటికి వచ్చి సంపత్‌తో చెప్పింది. సంపత్ అన్నం కలుపుతూ విన్నాడు. వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. “ఇంక యే దారున్నదే?” అని మాత్రం అన్నాడు. ఆమెను అడిగినట్టు లేదు, తనను తానే అడుగుతున్నట్టు ఉంది.

మొదటి రోజు ఆఫీసులో ఆ తెర ముందు కూర్చుని, తను గీసిన పాత నెమలిని తెరిచింది నీరజ. మెడ మీది నీలంలో ఆమె ఎన్నడూ చూడని ఊదా రంగు జాడ ఒకటి బయటపడింది. అది ఆమె పెట్టిందే. తన పాత తెర కూడా దాన్ని చూపలేదు. చీర మొత్తం రెప్పపాటులో తెరుచుకుంది. కలం కదిపితే గీత కలంతో పాటే వచ్చింది, ఎక్కడా తెగలేదు. ఇన్నాళ్ళూ ఆమె కోరుకున్నదంతా అక్కడే, ఒకే బల్ల మీద ఉంది. సంతోషం వచ్చిన మాట నిజం. పక్క గదిలోంచి మేనేజరు తలుపు తీసి, ఆ నెమలిని కూడా ఆఫీసు ఫోల్డర్లో వేయమని చెప్పాడు. సేఠ్ మాట గుర్తొచ్చి ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత వేసింది.

ఒక్కొక్క డిజైన్‌తో ఒక్కొక్కటి అలా వెళ్ళాయి. ముందు నెమలి, తర్వాత మల్లెతీగ, తర్వాత ఇంట్లో మళ్ళీ తనకోసం గీసుకున్న ఆ మామిడిపిందెలు. డిజైన్ మీద సేఠ్ కంపెనీ ముద్ర పడేది. అడిగినవాళ్ళకు సేఠ్ మా ఆఫీసు అమ్మాయే గీసింది అనేవాడు, అంతవరకు పాత యజమాని కంటే నయం. పేరు మాత్రం చెప్పేవాడు కాదు, చెబితే వేరేవాళ్ళు పిలుచుకుపోతారని.

మొన్న వానాకాలంలో షోరూమ్ నుంచి జైమిన్ ఫోన్ చేశాడు. ఆమె నంబరు దాచుకున్నాడట. పెద్ద తెర మోడల్ మళ్ళీ వచ్చింది బెన్, మెమరీ కూడా బాగా ఉంది అన్నాడు. ఆఫీసు మెట్ల మీదికి వచ్చి మాట్లాడుతున్న నీరజ గోడకు ఆనుకుంది. ఇంట్లో కిటికీ, బల్ల, పొద్దున్నే పొయ్యి మీద చాయ్, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. నెల నెలా కొంచెం కొంచెం కట్టుకోవచ్చు అని కూడా అనుకుంది. అడగాల్సినది ఒకటే ఉంది.

“నా పాత ప్రోగ్రాం దాంట్ల నడుస్తదా భయ్యా?”

అబద్ధం చెప్పే మనిషి కాదు జైమిన్. “అదే బెన్,” అన్నాడు. “ఈసారి లోపలి ముక్క మార్చేశారు. పాత ప్రోగ్రాములు తెరుచుకోవు. కొత్తది తీసుకోవాలి, కాని దాంట్లో మీ పాత ఫైళ్ళు పొరలు పొరలుగా రావు, బొమ్మలాగే వస్తాయి, పువ్వునో రంగునో విడిగా మార్చలేరు.” మళ్ళీ తనే, “నేను చెప్పకపోయి ఉంటే మీరు కొనేవాళ్ళు,” అన్నాడు.

నీరజ అతనికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్పింది. వాళ్ళమ్మ బాగుందా అని కూడా అడిగింది. ఫోన్ కొంగులో చుట్టి, కాసేపు మెట్ల కిటికీలోంచి కిందికి చూసింది. బట్టల మూటలు మోసుకుంటూ మనుషులు వానలోనే అటూ ఇటూ పోతున్నారు, రోడ్డు దాటడానికి సందు దొరకక టెంపోలు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. లోపలినుంచి మేనేజరు పిలిచాడు, పల్లు సాయంత్రానికి మిల్లుకు పోవాలని.

ఆమె వెళ్ళి అద్దాల గదిలో కూర్చుంది. తెర మీద ఉల్లిపొర రంగు ఉల్లిపొర రంగులాగే ఉంది. కలం అందుకుని, ఆగిపోయిన ఆకు దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.